అసిరమ్మ ఇచ్చిన గాలి

మూడో వారం, సోమవారం

బిడ్డ కోసం కుండ పెట్టిన ఇంట్లో తేదీలు ఉండవు, వారాలే ఉంటాయి. నేనూ ఆ లెక్కనే రాస్తున్నాను. అడుగుపేటకు నేను చదివే సాయంత్రం బులెటిన్‌లో పనికిరానివి, పనికొచ్చినా చదవకూడనివి ఇక్కడ పెట్టుకోవడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాకు అలవాటు.

ఇవాళ కుండల గదిలోకి ఇంటివాళ్లను రానిచ్చారు. రెండు కుండలు నడుస్తున్నాయి. మొదటిది చామంతి, కూర్మారావులది. చామంతి ఈ పేట గోడలకు వెల్డింగ్ చేస్తుంది. కూర్మారావుది నాచు తోటలో కోత పని. పక్క కుండ నూర్జహాన్, సామ్యేలులది. వాళ్ల పెళ్లయ్యాక రెండు వైపులవాళ్లూ మాట్లాడడం మానేస్తే, ఇద్దరూ కిందికి దిగి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు వెతుక్కున్నారు.

పేరుకు కుండలే కానీ రెండూ గాజు స్తంభాలు, నిండా గోరువెచ్చని ద్రవం. సముద్రం అడుగున, ఈ ఒత్తిడిలో, కడుపుతో ఉండడం ప్రమాదమని అడుగుపేట మొదటి తరంలోనే తేలిపోయింది. పైకి వెళ్లి కని రావచ్చు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఉండదు. అందుకే ఇక్కడ బిడ్డలు కుండల్లో పెరుగుతారు.

తెర మీద పిండం నువ్వుగింజకన్నా చిన్నది. దాన్ని అంటిపెట్టుకుని ఒక సంచి, ఆ సంచి గోడ మీద అక్కడక్కడ ఎర్రటి చుక్కలు.

"అదే మొదటి రక్తం," అంది డాక్టర్ రెబెకా. ఆవిడ పై నుంచి వచ్చి ఏడాది కాలేదు.

రక్తం ముందు పుడుతుందా, నాళం ముందు పుడుతుందా అని అడిగాను. రెండూ ఒకే ముద్దలోంచి వస్తాయట. కొన్ని కణాలు గుంపు కడతాయి. బయటివి గోడలవుతాయి, లోపలివి రక్తమవుతాయి. అలాంటి గుంపులు ఒకదాన్నొకటి తాకి కలుసుకుంటే గొట్టాలు.

"గుండేదీ?" అన్నాడు బలభద్రం. చామంతికి మేనమామ. పేటలో పైపుల మేస్త్రీ.

"ఇంకా లేదండీ. అదీ గొట్టమే ముందు. రెండు గొట్టాలు కలిసి గుండె అవుతుంది."

"అంటే పంపు ఇంకా రాలేదు, పైపులు మాత్రం ఏసేస్తన్నారు. మా ఆఫీసు పనిలాగే ఉన్నాది."

తర్వాత సారె. కూర్మారావు తల్లి అసిరమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చి, కుండ పక్కనున్న ఆకుపచ్చ చక్రాన్ని తిప్పింది. ఇంటి పెద్దావిడే తిప్పాలి. ఒక పూట గాలి సారెగా ఇచ్చినవాళ్లు ఆ పూట పనికి పోరు. గదిలో దీపం తగ్గించి, కదలకుండా పడుకుంటారు. పేట మనిషికింతని కొలిచి ఇచ్చే వంతులో వాళ్లకు మిగిలిన గాలి ఆ చక్రం గుండా బిడ్డ కుండకు వెళ్తుంది. ఎవరెవరు ఇచ్చారో నేను బులెటిన్‌లో చదువుతాను. బలభద్రం అప్పటికే ఐదు పూటలు ఇచ్చేశాడు.

"మేనకోడలి మీద ప్రేమ," అన్నాడు.

"నిద్ర మీద," అంది చామంతి.

నాలుగో వారం, బుధవారం

గుండె కొట్టుకుంటోంది. డాక్టరమ్మ స్పీకరు పెట్టింది. తలుపు అవతల ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు వినిపించింది. కూర్మారావు గోడకు ఆనుకుని, ఇంకో రెండు నిమిషాలు ఉంచమని అడిగాడు.

అసిరమ్మ బంధువర్గం పెద్దది. నాచు తోటలో సగంమంది ఆవిడకు ఏదో ఒక వరస. పేర్లు చదివేసరికి బులెటిన్‌లో వాతావరణం వార్తకు చోటు మిగల్లేదు. ఎలాగూ ఇక్కడ వాతావరణం మారదు.

నూర్జహాన్ కుండలోనూ గుండె మొదలైంది. ఆ వార్త ఒక్క వాక్యంలో అయిపోయింది, పేర్లేమీ లేవు కనుక. ఆ అమ్మాయి గుంటూరు వైపు మనిషి.

"మాకెవరున్నారు అక్కా గాలివ్వడానికి?" అంది. అన్నాక నవ్వేసింది కూడా. "ఈయనిస్తానంటాడు. ఈయన పడుకుంటే గురక. ఆ గురకకే గాలి సరిపోదు."

ఐదో వారం, శుక్రవారం

డాక్టర్ రెబెకా నన్ను పక్కకు పిలిచింది. బులెటిన్‌లో చదవనని మాట తీసుకున్నాక చెప్పింది.

చామంతి బిడ్డకు నాళాలు సరిగ్గా పెరగడం లేదు. గుండె బాగానే ఉంది. వెన్ను పొడవునా పెద్ద నాళం వచ్చింది. దానిలోంచి కొమ్మలు రావాలి. కుండ గోడకు ఒక మెత్త ఉంటుంది. తల్లి కడుపులో బొడ్డుతాడు చివరనుండే మాయ చేసే పని ఇక్కడ అది చేస్తుంది. పిండం నుంచి నాళాలు అక్కడికి వెళ్లి గుబురుగా అల్లుకోవాలి. వెళ్లినవి నాలుగైదు, అవీ దారంలా ఉన్నాయి.

"మరి ఎలా బతికుంది?"

"ఇప్పుడు చిన్నది కాబట్టి. చుట్టూ ఉన్న ద్రవంలోంచే గాలి ఇంకి లోపలికి దిగుతుంది. పెరిగేకొద్దీ అది మధ్యకు చేరదు. ఎనిమిదో వారం దాటేసరికి నాళాలు ఉండి తీరాలి."

"లేకపోతే?"

"లేకపోతే మధ్య భాగం చచ్చిపోతుంది."

చామంతికి చెప్పారా అంటే, ఇప్పుడే చెప్పానంది. చామంతి గదిలో మూలన, చేతి తొడుగులు తీయకుండా కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"పేపరప్పా, లోపమేటో తెలిస్తే అతుకేసుకుంటాను. తెలీకుండా ఎక్కడని ఎయ్యను?" అంది.

ఇక్కడ అక్కను అప్ప అంటారు, నన్ను అందరూ పేపరప్ప అనే అంటారు. పేటలో పేపరు అచ్చయి చాలా కాలమైంది.

ఆరో వారం, సోమవారం

నేను చదవలేదు. అయినా పేటంతా తెలిసిపోయింది. కోత ముఠాలు పేరు పేరునా వచ్చి గాలి ఇస్తున్నాయి. బిడ్డ నీరసంగా ఉందంటే అడుగుపేటలో ఎవరికైనా తోచేది అదే. పొద్దున తోటలో సగం వరసలు ఖాళీ, ఇచ్చినవాళ్లంతా పడకల మీద. తోట సూపర్‌వైజరు నా దగ్గరకొచ్చి, పేర్లు చదవడం రెండు రోజులు ఆపగలరా, నాచు ముదిరిపోతోంది అని బతిమాలాడు.

డాక్టరమ్మ పోషకాలు మార్చింది, ద్రవం నడిచే వేగం మార్చింది. ఇవాళ చూస్తే ఉన్న కొమ్మల్లో ఒకటి సన్నబడింది.

అసిరమ్మ మాత్రం ధైర్యంగా ఉంది. "ఇంకో పాతిక పూటలు వస్తన్నాయి. తోటవోళ్లు మాటిచ్చినారు. గాలుంటే పిల్లకేటవుద్ది?"

ఆరో వారం, గురువారం

విలేకరి పనిలో నాకు తెలిసిన పద్ధతి ఒకటే. రెండు చోట్ల ఒకేలా జరగాల్సింది ఒకచోట జరగకపోతే, తేడా ఏమిటని అడగడం.

రెండు తెరల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నూర్జహాన్ కుండలో నాళాలు చిక్కుపడిన వలలా ఉన్నాయి. వరసా క్రమమూ లేదు. ఒకదాని మీద ఒకటి, కొన్ని ఎటూ పోకుండా మధ్యలో ఆగిపోయి. మెత్త అంతా ఎర్రగా కమ్ముకుపోయింది. చామంతి కుండలో ఆ చిక్కు లేదు. చూడ్డానికి శుభ్రంగా ఉంది, అదే జబ్బు.

"ఈ రెండు కుండలకీ తేడా ఏమిటి?" అని డాక్టర్ రెబెకాను అడిగాను.

"ఏమీ లేదు. ఒకే ద్రవం, ఒకే వేడి, ఒకే మెత్త. గాలి కూడా ఒకే కొలత. ఇదుగో మీటరు."

"సారె గాలి కలిపితే కూడానా?"

ఆవిడ నా వైపు చూసింది. "సారె అంటే ఆ పచ్చ చక్రమేగా? అది కొబ్బరికాయ కొట్టడం లాంటిది అనుకున్నాను. నిజంగా గాలి వస్తుందా అందులోంచి?"

"వస్తుంది."

"మరి మీటరులో ఎందుకు పడదు?"

దానికి జవాబు బలభద్రం దగ్గర ఉంది. పిలిపిస్తే పడక మీద నుంచి లేచి వచ్చాడు.

"మీటరు దాటినాక కలిపినామండీ. నానే ఏసినాను ఆ పైపు. మీటరుకి ముందు కలిపితే మీ మిషను ఏటి సేస్తాది? గాలి ఎక్కువైపోనాదని ఆస్పత్రి వంతు తగ్గించేస్తాది. అప్పుడు మా సారె మీకు మిగులు. పిల్లకేటి ఒరిగినట్టు? అందుకే మీటరు కంటపడకుండా ఏసినాం."

పేటలో ఎవరినడిగినా ఈ పని సబబే అంటారు. ఇంతకుముందు కుండలకు పదో పరకో పూటలు వచ్చేవి, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంత పెద్ద బంధువర్గం ఉన్న బిడ్డ ఇదే మొదటిది.

డాక్టరమ్మ ద్రవం తీసి పరీక్షకు పెట్టింది. గాలి ఉండాల్సినదానికి మూడింతలు ఉంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఈ వయసులో పిండానికి గాలి తక్కువగానే అందాలి. తల్లి కడుపులోనూ అంతే. గాలి చాలని కణాలు ఒక రసాయనం వదులుతాయి. అది కేక లాంటిది. దగ్గరలో ఉన్న నాళం ఆ కేక వచ్చిన వైపు మొలక వేస్తుంది, మొలక సాగి కొమ్మవుతుంది. గాలి సమృద్ధిగా ఉన్నచోట కేక పుట్టదు. కేక లేకపోతే కొమ్మ రాదు, వచ్చింది కూడా నిలవదు.

"అది అడిగేలోపే మీవాళ్లు నోట్లో ముద్ద పెట్టేస్తున్నారు," అంది.

బలభద్రం పచ్చ చక్రం వైపు చూశాడు. "నానే పదకొండు పూటలిచ్చినాను," అన్నాడు.

ఆరో వారం, శుక్రవారం

చక్రం తిప్పేస్తే సరిపోతుంది. చేతికి రెండు నిమిషాల పని. కష్టం వేరేచోట ఉంది.

అడుగుపేటలో ఒక మనిషి గాలి కట్టేసేది ఒకే సందర్భంలో, పోయినప్పుడు. ఇంటి పెద్ద వెళ్లి ఆ గది చక్రం మూస్తారు. నేను బులెటిన్‌లో "ఫలానావారి గాలి కట్టేశారు" అని చదువుతాను. ఆ వాక్యం తర్వాత ఎవరూ ఏమీ అడగరు.

డాక్టరమ్మ సంగతి చెప్పగానే చామంతి లేచి చక్రం దగ్గరకు వెళ్లింది. అసిరమ్మ అడ్డం నిలబడింది.

"పిల్ల బతికుండగా గాలి కట్టేస్తావేటే?"

"బతకాలనే అత్తా."

"నా కంఠంలో పానముండగా ఒప్పుకోను."

నడవాలో ముప్పైమంది బంధువులున్నారు. డాక్టరమ్మ తనే మూసేయగలదు, ఆ మాటే అంది కూడా. నేను ఆపాను. ఆవిడ మూస్తే, ఆవిడ భోజనానికి వెళ్లే లోపు ఆ ముప్పైమందిలో ఎవరో ఒకరు మళ్లీ తెరుస్తారు, ప్రేమతోనే. చక్రానికి తాళం లేదు. మూస్తే అసిరమ్మ మూయాలి. అప్పుడే ఎవరూ ముట్టుకోరు.

అసిరమ్మను నూర్జహాన్ కుండ దగ్గరకు తీసుకెళ్లాను. ఆ తెర చూసింది, ఈ తెర చూసింది. మళ్లీ ఆ తెర.

"దీనికెవరెవరు ఇచ్చినారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"ఒక్క పూట కూడానా?"

"లేదమ్మా," అంది నూర్జహాన్.

"పాపం. మా పిల్లకొచ్చిన దాన్లో సగం దీనికి మళ్లించండి మరి."

డాక్టర్ రెబెకా రెండు చేతులూ జోడించింది. "దయచేసి ఎవరికీ ఏమీ ఇవ్వకండి."

అసిరమ్మ కూడా కుండలో పెరిగిన మనిషే. మొదటి తరం పిల్లల్లో ఒకామె. అది గుర్తొచ్చి అడిగాను. "నువ్వు కుండలో ఉన్నప్పుడు నీకెవరిచ్చారు గాలి?"

"అప్పుడు గాలెక్కడిదే? పెద్దోళ్లకే సాలేది కాదు. మాయమ్మ రోజూ సెప్పి ఏడిసేది, నా కూతురికి ఒక్క పూటైనా ఇయ్యలేకపోనానని. అందుకే కదే నాను ఇంత..."

అక్కడ ఆగిపోయింది. ఆవిడ తన చేతులు తిప్పి చూసుకుంది. ముంజేతి మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి, నాచు కోసిన చేతులు.

అప్పుడు అడిగింది, "బులెటిన్‌లో ఏటని సదువుతావు?"

"నువ్వేం చెప్తే అది."

"కట్టేసినారని సదవకు. దాసినారని సదువు. పిల్ల బయటికొచ్చి ఏడిసిన రోజున ఇస్తాం. అప్పటిదాకా దాసినాం. సదవగలవా?"

"చదువుతాను."

చక్రం అసిరమ్మే మూసింది. మూసేటప్పుడు కళ్లు మూసుకోలేదు. సాయంత్రం "చామంతి బిడ్డ గాలి దాచారు" అని చదివాను. ఆ వాక్యం అర్థం కాక పేటలో చాలామంది ఫోన్లు చేశారు. అడగగలిగే వాక్యం కావడమే కావలసింది.

ఏడో వారం, ఆదివారం

మూడో రోజు పిండం గుండె నెమ్మదించింది. స్పీకరులో ఆ చెప్పుల చప్పుడు దూరమవుతున్నట్టు వినిపించింది. గాలి తగ్గితే కొంత నెమ్మదించడం ఉంటుందని, హద్దు దాటలేదని డాక్టరమ్మ చెప్పింది. చెబుతున్నంతసేపూ తెర మీంచి చూపు తిప్పలేదు.

అసిరమ్మ లేచి చక్రం మీద చెయ్యి వేసింది. చామంతి వచ్చి ఆ చేతి మీద తన చెయ్యి పెట్టింది. తోయలేదు, పట్టుకుని లాగలేదు. అత్తా కోడలూ అలాగే నిలబడ్డారు.

"ఊపిరాడక గింజుకుంటన్నాదేమోనే."

"అడుగుతన్నాది అత్తా. అడగనీ."

అసిరమ్మ చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది. తీశాక వెళ్లి మూల బల్ల మీద పడుకుంది. పూట గాలి ఇచ్చినవాళ్లు పడుకున్నట్టే, కదలకుండా. ఎవరికీ ఇవ్వడం లేదు కదా అని బలభద్రం అంటే, "అలవాటురా, నోరు మూసుకో," అంది.

ఏడో వారం, బుధవారం

మొలక వచ్చింది.

పెద్ద నాళం పక్కన, వెంట్రుక కొసలాంటిది. పొద్దున ఒకటి ఉంది, మధ్యాహ్నానికి నాలుగు. మొలక కొసన ఒక కణం ఉంటుందట. అది వేళ్లలాంటివి చాపి, కేక ఎటు నుంచి వస్తుందో తడుముకుంటూ ముందు నడుస్తుంది, మిగిలినవి దాని వెనక గొట్టం కట్టుకుంటూ వస్తాయి. తెర మీద చూస్తే ఆ కొస నిజంగానే తడుముకుంటున్నట్టు ఉంది. రెండు మొలకలు ఎదురుపడి అతుక్కున్నప్పుడు చామంతి తెరకు దగ్గరగా వెళ్లి చూసింది.

"మంచి అతుకు. నానైనా ఇంత సన్నంగా వెయ్యలేను."

ఇన్ని రోజుల్లో ఆవిడ మొదటిసారి చేతి తొడుగులు తీసింది.

ఎనిమిదో వారం, శనివారం

మెత్త ఎర్రబడింది. మన కుండ కూడా నూర్జహాన్ కుండంత చిక్కుగా ఉంది. ఇంత గజిబిజిని చూసి ఇంతమంది సంతోషించడం ఇంతకుముందు చూడలేదు. గండం గడిచిందని డాక్టర్ రెబెకా అంది. అని, కుర్చీలో కూర్చునే నిద్రపోయింది.

సారె పైపును మీటరు ముందుకు మార్చారు. మార్చింది బలభద్రమే. ఆస్పత్రివాళ్లు చక్రానికి తాళం కూడా పెట్టారు. తాళంచెవి అసిరమ్మ మెళ్లో ఉంది.

పదో వారం, మంగళవారం

బలభద్రం పరుగెత్తుకుంటూ వచ్చాడు. "డాక్టరమ్మా, పైపులు పీకేస్తన్నారు."

నిజమే. మొన్నటి కొమ్మలు చాలావరకు కనిపించడం లేదు. మెడ దగ్గర జంటలుగా వచ్చిన వంపు నాళాల్లో కొన్ని పూర్తిగా మాయమయ్యాయి.

"ఇది కావలసిందే," అందావిడ. "ముందు అన్ని వైపులా దారులు వేస్తుంది. తర్వాత రక్తం ఎక్కువగా నడిచిన దారి వెడల్పవుతుంది. నడవనిది మూసుకుపోతుంది."

"పని సెయ్యనోడిని తీసేస్తాదన్నమాట."

"అవునండీ."

"పుట్టకముందే ఇంత కఠినమైతే, పుట్టినాక నా సంగతేటి?" అని, మర్నాటి నుంచి షిఫ్టుకు వెళ్తున్నాడు.

ముప్పై తొమ్మిదో వారం

చామంతికి కూతురు. నూర్జహాన్‌కు రెండు రోజుల ముందు కొడుకు. ఇద్దరి ఏడుపూ బులెటిన్‌లో వినిపించాను. పేర్లింకా పెట్టలేదు.

పిల్ల ఏడవగానే అసిరమ్మ మెళ్లోంచి తాళంచెవి తీసింది. చక్రం ఇప్పుడు పురిటి గదికి కలిపి ఉంది. ముందుగా డాక్టరమ్మను అడిగింది, "ఇప్పుడు తిప్పొచ్చా? మళ్లీ తిట్టవు కదా?"

"తిప్పండి. ఎంత తిప్పాలో మాత్రం నేను చెప్తాను."

తిప్పింది. ఇన్ని వారాలుగా దాచిన గాలి గదిలోకి వచ్చింది. చల్లగా తగిలింది. నూర్జహాన్ తన కొడుకునెత్తుకుని గుమ్మంలో నిలబడితే, అసిరమ్మ చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ పిల్ల ఛాతీ మీద పరికరం పెట్టి తెర చూపించింది. గుండె పక్కన చిన్న నాళం ఒకటి ఉంటుంది. పుట్టేదాకా ఊపిరితిత్తులకు పని ఉండదు కాబట్టి, అటు పోయే రక్తాన్ని అది పక్కకు మళ్లిస్తుంది. బలభద్రం దానికి బైపాస్ అని పేరు పెట్టాడు. ఇక దాని అవసరం లేదు, మూసుకోవాలి. తెర మీద అది దాదాపు గీతలా సన్నబడి ఉంది.

"ఎవరు మూసినారు దాన్ని?" అంది అసిరమ్మ.

"గాలి. రక్తంలో గాలి పెరిగితే అదే ముడుచుకుంటుంది."

"ఏ గాలి?"

డాక్టర్ రెబెకా తెర మీంచి ఆవిడ వైపు తిరిగింది. "ఈ గదిలో ఉన్నది. మీరిచ్చింది."

అసిరమ్మ మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, గుడ్డ సరిచేసింది.

"పేపరప్పా, ఇది సదువు సాయంత్రం," అంది. "పేర్లన్నీ సదువు. బలభద్రంగాడిది కూడా."